గరికబోతు: వీపు మీద గడ్డి మొలిచే మంద

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. మనం కలిసి రాసుకుంటున్న కల్పిత లోకంలో ఊళ్లు కుదిరాయి, దేవతలు కుదిరారు, వాగులకు పేర్లు కూడా పెట్టుకున్నాం. అడవిలో మేసే మంద మాత్రం ఇంకా లేదు. మేసేది లేకుండా పులినీ రేసుకుక్కల్నీ తెచ్చిపెడితే అవి ఏం తిని బతుకుతాయి? అందుకే ఈ జంతువును ఆలోచించాను. ఏటూరునాగారం, తాడ్వాయి, పాకాల అడవుల్ని మనసులో పెట్టుకుని రాశాను.

పేరు గరికబోతు. అడవిదున్న కంటే చిన్నది, మనుబోతు కంటే బరువైనది. వీపు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దాని మీద చర్మం మడతలు మడతలుగా, వెంట్రుకలు పొట్టిగా, ఉంగరాలు తిరిగి ఉంటాయి. రోహిణి కార్తె ఎండల్లో మంద మొత్తం ఎండుతున్న చెరువు పొట్టలోకి దిగి బురదలో పొర్లుతుంది. బురద వీపు మీద పెంకు కడుతుంది. మృగశిర చినుకులు పడగానే ఆ పెంకులో ఉన్న గరిక మొలుస్తుంది. ఆషాఢానికల్లా మంద మంద పచ్చగా అవుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. గరికబోతుకు మెడ పొట్టి. తన వీపు మీది గడ్డి తనకు అందదు. పక్కదాని వీపు ఇది మేయాలి, దీని వీపు పక్కది మేయాలి. మందలోంచి తప్పిపోయిన జంతువు వీపు మీద గడ్డి మేసేవాళ్లు లేక పెరిగిపోతుంది, వేళ్లు చర్మంలోకి దిగుతాయి, పుండ్లు పడి చనిపోతుంది. మందలో ఇరవై నుంచి నలభై దాకా ఉంటాయి.

ఇంకొక ముక్క కూడా రాసుకున్నాను: పూర్వం రాజులు గరికబోతులు ఎక్కడ పొర్లుతున్నాయో చూసి అక్కడే చెరువులు కట్టించారని.

ఈ జంతువు నిలబడుతుందా? ఎక్కడ తప్పుంటే అక్కడ చెప్పండి. దీని మీద కనీసం మూడు కథలు రాయాలని ఉంది.

రేచుక్క:
అన్నా, ఒకదాని వీపు ఒకటి మేసే మంద! చదవగానే కథలు కనబడుతున్నయి. నాకైతే ఇంకొంచెం మహిమ కావాలి. ఆ వీపు గడ్డి మామూలు గరిక కాకుండా, తిన్న మనిషికి జబ్బు నయం చేసేదైతే? మంద నడిచిన బీడు పచ్చబడితే? భూమి కదిలే ముందు మంద లేచి నిలబడితే? ములుగులో 2024 డిసెంబర్ 4న పొద్దున్నే 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు కరీంనగర్‌ల మా ఇంట్ల కూడా గిన్నెలు కదిలినయి. ఆ రోజు నుంచి నాకు అడవిల జంతువులు ఏం చేసి ఉంటయన్న ఆలోచన పోలేదు.

పసరువైద్యం:
నేను పశువులకు వైద్యం చేసేవాణ్ని, నర్సంపేట వైపు. ముందు చర్మం సంగతి. గడ్డివేరు బతికున్న మాంసంలో బతకదు. దానికి మట్టి కావాలి. కాబట్టి వేళ్లు ఒంట్లోకి దిగి చంపుతాయన్నది నిలబడదు. కానీ మీరనుకున్న చావుకు వేరే దారి ఉంది, అది ఇంకా నమ్మేలా ఉంటుంది. గడ్డి దట్టమైతే కింద బురద పెంకు ఆరదు. వానాకాలమంతా చర్మం తడిగా నానుతుంది, మెత్తబడి చిట్లుతుంది. చిట్లిన చోట ఈగ గుడ్లు పెడుతుంది, పురుగులు పడతాయి. మూపు మీద పుండు పడి పురుగులు తొలిచిన ఎద్దును చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఒంటరి గరికబోతు అలా పోతుంది. తోటివి మేస్తుంటే గడ్డి పొట్టిగా ఉంటుంది, గాలి తగులుతుంది, పెంకు ఆరుతుంది.

రెండోది, మేత లెక్క. మంచి బర్రెకు రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిమేత కావాలి. వీపు ఎంత వెడల్పున్నా రెండు చదరపు మీటర్లు దాటదు. దాని మీది గరిక రెండు మూడు నోళ్లకు సరిపోతుంది, అంతే. కాబట్టి మంద నేల మీదే మేయాలి. మరి వీపు గడ్డి దేనికి?

ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది. నెమరువేసే జంతువుకు నాలుగు గదుల పొట్ట. మొదటి గది, రూమెన్, పుట్టిన దూడలో పని చేయదు. దూడ పాలు నేరుగా నాలుగో గదికి పోతాయి. గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు రూమెన్‌లో చేరాలి, అది ఎదగాలి. రెండు మూడు నెలలు పడుతుంది. ఆ సూక్ష్మజీవులు దూడకు తల్లి నాకడం వల్ల, మంద ఎంగిలి వల్ల, మేత వల్ల వస్తాయి. గరికదూడ మొదటిసారి కొరికే గడ్డి తల్లి వీపు మీది గడ్డి అనుకోండి. దాన్ని అంతకుముందు మందలో పదీ ఇరవై మూతులు మేసి ఉన్నాయి. ఆ ఎంగిలి గడ్డితోనే దూడ పొట్ట గడ్డి తినడం నేర్చుకుంటుంది. తల్లికి దూరమై, నేల మీది గడ్డి ఒక్కటే తిన్న దూడ పొట్ట ఉబ్బి చిక్కిపోతుంది. మీ వీపు గడ్డికి కడుపు నింపే పని వద్దు, ఈ పని ఇవ్వండి.

గొంగడి:
డాక్టర్ సాబ్ చెప్పింది నిజం. మాది కురుమోళ్ల ఇల్లు, పరకాల దిక్కు. మా నాయిన ఇప్పటికీ జీవాలు కాస్తడు. ఉన్నిల గడ్డిగింజ ఇరికితే ఏమైతదో మాకు తెలుసు. మా దిక్కు గుట్టల మీద ముల్లుగడ్డి ఒకటి ఉంటది. దాని గింజకు కింద సూదిమొన, పైన పొడుగు తోక. ఎండితే ఆ తోక మెలితిరుగుతది, తడి తగిల్తె తిరిగి విప్పుకుంటది. అట్ల తిరుగుకుంట తిరుగుకుంట గింజ నేలలకు దిగుతది. ఉన్నిల పడితే గొర్రె తోలులకు దిగుతది. ఎన్ని జీవాలకు చీము పట్టిందో లెక్కలేదు. అందుకే ఆ గడ్డి గింజకొచ్చే ముందటనే మందను ఆ గుట్ట మీదికెల్లి దింపుతం.

గోదారిగట్టన్నా, నీ గరికబోతు బురద పెంకుల ఈ ముల్లుగడ్డి గింజ కూడా దిగుతది కదా. ఇది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, కానీ ఉండాలె. పెంకు మందంగా ఉన్నదానికి గింజ తోలు దాకా రాదు. ఎండకాలం సరిగ పొర్లనిదానికి, బక్కదానికి, ముసలిదానికి గింజ దిగుతది. రోహిణిల ఎవరు మంచిగ పొర్లిన్రో పుష్యమాసంల తెలుస్తది.

ఇంకోటి. వీపు మీద గడ్డి ఉంటే పిట్టలు రావా? తెల్లకొంగలు, గోరింకలు గరికబోతు మీదకెల్లి దిగనే దిగవు. గోమార్లు, పిడుదులు ఏరుకుంటయి. కాకపోతే గోరింక గడ్డిని పీకి గూటికి కూడా తీస్కపోతది.

మోదుగుపూలు:
ఆసిఫాబాద్ నుంచి. గడ్డి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది, ఎందుకంటే గరిక తీరు తెలిస్తే ఈ మంద ఎట్లా తిరుగుతుందో దానంతటదే తెలుస్తుంది.

గరిక విత్తనంతో పెద్దగా వ్యాపించదు. తీగలా పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. చెరువు పొట్టలో మంద తొక్కినప్పుడు గరిక తీగలు తెగి బురదలో కలుస్తాయి. ఆ ముక్కలతోనే వీపు మీద మొలక వస్తుంది. కాబట్టి మొలక మీద నాకు అనుమానం లేదు. పక్కన తుంగ కూడా మొలుస్తుంది. తుంగగడ్డలు ఎండిన బురదలో కూడా చావవు.

కానీ గరికకు నీడ పడదు. టేకు, నల్లమద్ది కమ్ముకున్న చోట నేల మీద గరికే కనిపించదు. అంటే వానాకాలంలో మీ మంద దట్టమైన అడవిలో దాక్కుంటే వీపు గడ్డి పాలిపోయి చస్తుంది. ఆ గడ్డి దూడలకు కావాలి కాబట్టి మంద వెలుతురున్న చోటికి రావాల్సిందే. రోజులో కొంతసేపు ఎండలో వీపులు పరిచి నిలబడాలి. రేసుకుక్కకు అదే అదను. భయం వేస్తున్నా ఎండలోకి రావడం, వచ్చాక ఒకదానికొకటి ఆనుకుని నిలబడడం, ఇదే ఈ జంతువు బతుకు అని నాకనిపిస్తోంది. రేచుక్కా, నువ్వు అడిగిన మహిమ ఇందులో ఉంది. జబ్బులు నయం చేసే గడ్డి పెడితే రెండో కథకే మనుషులు మందను నరికేస్తారు, మనకు జంతువు మిగలదు.

తునికాకు:
నేను తాడ్వాయి దగ్గరోణ్ని, అడవి పని మీద తిరిగేటోణ్ని. మోదుగుపూలక్క వెలుతురు మాట ఎత్తింది కాబట్టి చెప్తున్న.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం నడుమ అడవిల గాలి లేసింది. వేల చెట్లు ఒక్కపూటల పడ్డయి. ఎనకటి చెట్లు, టేకు, నల్లమద్ది, ఏది మిగలలే. వేళ్లతోని సహా లేసినయి. నేను పోయి చూసిన జాగల కింద పడ్డ చెట్టు మీద చెట్టు, నడుమ నిలవడ్డ వెలుతురు. ఆ అడవిల నేల మీద అంత వెలుతురు నేనెప్పుడు చూడలే. చెట్టు పోయిన జాగల మొదలు మొలిచేది గడ్డే కదా.

మన కథల గరికబోతు మంద గట్లాంటి జాగకే రావాలె. చెట్లు కూలినయని అందరు ఏడుస్తుంటే, అదే జాగల మూడు నాలుగేండ్లకు ఎన్నడు లేనన్ని దూడలు పుడుతయి. మల్ల చెట్లు లేస్తయి, నీడ కమ్ముతది, మంద పోతది. మంద ఒక్క జాగల ఎన్నడు ఉండదు. ఎక్కడ అడవికి గాయమైతే అక్కడికి పోతది.

ఇగ నిప్పు సంగతి. ఫాల్గుణం, చైత్రంల ఇప్పపువ్వు రాలుతది. పువ్వు ఏరుకునేటందుకు చెట్ల కింద ఆకులు కాలవెడ్తరు. ఆ మంట ఒక్కొక్కసారి చెయ్యి దాటుతది. అప్పటికి గరికబోతు వీపు మీద గడ్డి ఎండి గరగరలాడుతుంటది. ఒక్క రవ్వ చాలు. వీపు అంటుకున్న జంతువు మందల ఉరికితే మందంత అంటుకుంటది. గీ జంతువుకు పులి కంటె రేసుకుక్క కంటె నిప్పే శత్రువు. ఇప్పపువ్వు రాలకముందే అది వీపు మీది పెంకు వదిలించుకోవాలె. ఎట్ల వదిలించుకుంటది?

పసరువైద్యం:
రుద్దుకుంటుంది. బర్రెలు గుంజకు రుద్దుకున్నట్టే. మీ అడవిలో అందుకు సరైన చెట్టు నల్లమద్ది. దాని బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. మాఘంలో మంద నల్లమద్దుల దగ్గరికి చేరి వీపులు రాస్తుంది. పెంకు ఎండి ఉంటుంది కాబట్టి పెళ్లలుగా ఊడుతుంది. వీపు నడిమధ్య తనంతట రుద్దుకోవడం కష్టం. అక్కడ పక్కది మెడతో, గదవతో నెట్టి ఊడగొట్టాలి. మళ్లీ తోడు అవసరమే.

అలా ఊడిన పెళ్లలు చెట్టు మొదట్లో కుప్పపడతాయి. వాటిలో గడ్డివేళ్లు, పేడ, చెరువు ఒండ్రు ఉన్నాయి. ఏటేటా అక్కడే రాలితే ఆ చెట్టు మొదలు చుట్టూ మట్టి మారిపోతుంది.

గొంగడి:
ఆ మట్టి మోసుకొచ్చి చెల్కల పోసుకుంటరు మనోళ్లు! 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక మట్టిని ట్రాక్టర్లతోని పొలాలకు కొట్టుకున్నరు గదా. ఎర్రచెల్కకు ఒండ్రు పడితే నీళ్లు నిలుస్తయి. మన కల్పిత లోకంల ట్రాక్టర్లు లెవ్వు. గరికబోతులు చెరువు మట్టిని వీపు మీద మోసుకొని గుట్ట మీది మద్దిచెట్ల కింద దించుతయి. ఆడికెల్లి రైతు గంపల ఎత్తుకుంటడు. రైతుకు గరికబోతు మీద ప్రేమ ఎందుకో చెప్పడానికి ఇంత కంటె ఇంకేం గావాలె?

కాకతి_చెరువు:
చర్చ బాగా సాగుతోంది కానీ మొదటి పోస్టులో ఒక వాక్యం నన్ను కదలనివ్వలేదు. "గరికబోతులు పొర్లిన చోటు చూసి రాజులు చెరువులు కట్టించారు" అన్నది తీసేయండి. గట్టిగా అడుగుతున్నాను.

పాకాల చెరువును గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో జగదాల ముమ్మడి కట్టించాడు. రెండు గుట్టల నడుమ కట్ట పోసి నీళ్లను నిలబెట్టారు. మున్నేరు అక్కడే మొదలవుతుంది. రామప్ప, లక్నవరం, గణపురం, ఇలాంటి చెరువులన్నీ నేల వాలు తెలిసినవాళ్లు చూసి, కొలిచి, కట్ట ఎక్కడ వేయాలో, తూము ఎక్కడ పెట్టాలో తేల్చి కట్టినవి. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండేలా గొలుసుగా పేర్చారు. వేలమంది మట్టి మోశారు. ఆ పనితనాన్ని ఒక జంతువు దారి చూపింది అని చెప్పి తేలిక చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కల్పితమే అంటారు. కల్పితంలో కూడా మన వాళ్ల చేతిపనిని ఇంకొకరికి ధారపోయడం వద్దు. పిల్లలు చదువుతారు, అదే మనసులో నాటుకుంటుంది.

దీన్ని తిరగేసి రాయండి. చెరువులు మనుషులు కట్టారు. ఎండాకాలం చెరువు పొట్ట బయటపడ్డాక ఆ బురద కోసం మంద అడవి లోపలినుంచి వచ్చింది. అంతకుముందు వాగు మడుగుల్లో ఏదో కొద్దిగా పొర్లేవి, మందలు చిన్నవి. చెరువులు వచ్చాక మందలు పెరిగాయి. మనిషి కట్టినదానితో ఒక అడవి జంతువు బాగుపడిన కథ అవుతుంది. అలాంటి కథలు మనకు తక్కువ.

గోదారిగట్టు:
ఆ వాక్యం తీసేస్తున్నాను. మీరు తిరగేసి చెప్పింది నేను రాసుకున్నదాని కంటే చాలా బలంగా ఉంది. ఒకసారి అలా అనుకున్నాక ఎన్నో చిక్కులు వస్తున్నాయి, అవన్నీ కథకు పనికొచ్చేవే. కట్ట తెగిన ఏడాది మంద ఏమవుతుంది? వానలు బాగా పడి రోహిణిలో కూడా చెరువు పొట్ట ఎండకపోతే పొర్లే చోటెక్కడ? ఆ ఏడు పెంకులు పలచనై ముల్లుగడ్డి గింజలు తోలుకు దిగుతాయి. రైతుకు మంచి ఏడు, మందకు చెడ్డ ఏడు.

రేచుక్క:
సరే, జబ్బులు నయం చేసే గడ్డి ఒదిలేస్తున్న. అక్క మాట నాకు ఎక్కింది. భూకంపం మాత్రం అడుగుతున్న, ఉంచుదామా?

పసరువైద్యం:
వద్దమ్మా. జంతువులు ముందే పసిగడతాయని చాలామంది అంటారు, కానీ దాన్ని నమ్మి ముందుగా చెప్పగలిగిన పద్ధతి ఎక్కడా నిలబడలేదు. అదీగాక ఈ జంతువుకు అన్నీ తెలిస్తే దానికి భయం ఉండదు. భూమి కదిలినప్పుడు అదీ మనలాగే ఉలిక్కిపడి లేవాలి, దూడల్ని నడుమకు నెట్టి చుట్టూ నిలబడాలి. ఆ పూట నల్లమద్దులు ఊగుతుంటే మంద ఎటు తిరగాలో తెలియక నిలబడిన దృశ్యం నువ్వు రాయగలవు.

మోదుగుపూలు:
నాకు ఇంకో మొక్క యాదికొచ్చింది. గునుగు. చేలల్లో, బీళ్లలో దానంతటదే మొలిచే మొక్క. భాద్రపదంలో పూస్తుంది. చెరువు బురదలో, మేత నేలలో దాని విత్తనం ఉండకుండా ఉండదు. పొడుగు పెరిగేలోపు మేసేస్తే పూయదు. ఎవరూ మేయకుండా వదిలేసిన చోట పూస్తుంది. మూపు మీద, మెడ మొదట్లో, పక్కదాని నోరు సరిగ్గా అందని చోట, జానెడు గునుగు నిలబడి ఉంటుంది. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాటికి మంద అడవి అంచుకు వచ్చేసరికి మూపులన్నీ తెల్లగా, మొన దగ్గర గులాబీ రంగుగా ఉంటాయి.

ఆడపిల్లలు బతుకమ్మకు గునుగు ఏరుకోడానికి బీళ్లకు పోయే రోజులవి. వాళ్ల కళ్లకు ఇది కనబడుతుంది. పోయి తెంపుకుంటారా? నా ఉద్దేశం తెంపుకోరు. దగ్గరికి పోతే మంద తొక్కుతుంది. కానీ మంద నడిచిన దారిలో పొదలకు తగిలి రాలిన పువ్వు ఏరుకుంటారు. ఆ ఒక్క పువ్వు బతుకమ్మ నడుమ వరసలో పెడతారు, శిఖరానికి పెట్టరు. శిఖరం గుమ్మడిపువ్వుదే.

రేచుక్క:
అక్కా ఇది నేను రాస్త! ఈ కథ నాకియ్యుండ్రి.

తునికాకు:
రాయి చెల్లె. ఒక్కటి మాత్రం చెప్త. బతుకమ్మ తేవచ్చు, అది అందరి పండుగ. సమ్మక్క సారలమ్మను మాత్రం ఈ కల్పిత కథలకు తేవద్దు. మేడారం మాకు కథ కాదు. మాఘ పున్నానికి కోయోళ్లు తల్లుల్ని గద్దె మీదికి తెచ్చే ఊరది. గరికబోతు తల్లుల వాహనమనో, తల్లులు పంపిన జంతువనో ఎవరన్న రాస్తే నేను ఒప్పుకోను. జనం లక్షలల్ల అడవిలకు వచ్చే రోజులల్ల మంద లోపలికి తప్పుకుంటది, అంత వరకు రాయిన్రి.

గోదారిగట్టు:
తప్పకుండా. ఆ గీత అందరం పాటిద్దాం. మొదటి పోస్టు కింద నియమంగా చేరుస్తున్నాను.

గొంగడి:
మరి ఇది ఏడకెల్లి పుట్టింది, ఆ కథ ఉండాలె గదా. మా కురుమలల్ల గొర్రెలు పుట్టలకెల్లి బయటికొచ్చినయని కథ ఉంది. ఒగ్గోళ్లు డోలు కొట్టుకుంట చెప్తుంటే చిన్నప్పుడు రాత్రంత కూసుండేటోళ్లం. గట్లనే దీనికి కూడా ఒక మూలకథ కావాలె. మా కథను దీనికి తొడగమంటలేను. దీనికి దీని కథ ఉండాలె.

మోదుగుపూలు:
మన నేలనే అడిగితే సరిపోతుంది. యామనపల్లి దగ్గర దొరికిన పెద్ద రాక్షసబల్లి ఎముకలకు 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. అది ఆకులు మేసిన జంతువు. అప్పటికి భూమి మీద గడ్డే లేదు. మాకు నది అవతల, చంద్రాపూర్ జిల్లా పిస్దుర అనే ఊళ్లో చాలా తర్వాతి కాలపు రాక్షసబల్లుల పేడ రాయిగా మారి దొరికింది. దాన్ని పరీక్షిస్తే అందులో గడ్డి ఆనవాళ్లు కనబడ్డాయని 2005లో ప్రకటించారు. గడ్డి మేసిన జంతువుల గురించి ప్రపంచానికి తెలిసిన తొలి ఆధారాల్లో అదొకటి, మన పక్క ఊళ్లో.

కథ ఇలా అల్లుకోవచ్చు. నేల మీద ఇంకా గడ్డి లేని కాలంలో ఒక పెద్ద మృగం ఆకులు మేస్తూ గోదావరి ఒడ్డున తిరిగింది. అది బురదలో కూరుకుపోయి చచ్చింది. దాని వీపు ఒక్కటే బురద పైన తేలి ఉంది. మొదటి గరిక ఆ వీపు మీద మొలిచింది. ఆ గరికను వెతుక్కుంటూ వచ్చిన మొదటి దూడ దాన్ని మేసి, అదే బురదలో పొర్లి, ఆ వీపును తన వీపు మీద మోసుకుపోయింది. ఎముకలు నేలలో ఉన్నాయి, వీపు మందలో ఉంది.

కాకతి_చెరువు:
ఇది ఉంచండి. ఒక్క అక్షరం మార్చొద్దు.

గొంగడి:
ఒగ్గోళ్లు చెప్పేటట్టుంది అక్కా.

గోదారిగట్టు:
అందరి మాటలూ కలిపి తిరిగి రాశాను. ఏడాది క్రమం ఇది. వైశాఖం, జ్యేష్ఠంలో చెరువు పొట్టలో పొర్లడం. మృగశిరతో మొలక. నేల ఇంకా పచ్చబడని ఆ పది పదిహేను రోజుల్లో వీపు మొలకల మీద మొదటి హక్కు చూలుతో ఉన్నవాటిది, మిగతావి పక్కకు తప్పుకుంటాయి. అడవిదున్నలాగే చూలు తొమ్మిది నెలలు, ఈనడం శ్రావణంలో. దూడ తల్లి వీపు అందుకోలేదు కాబట్టి తల్లి మోకాళ్ల మీద కూర్చుంటుంది. దూడ పక్కటెముకల మీద ముందుకాళ్లు ఆనించి మొదటి పోచ కొరుకుతుంది, నమలడం రాక పెదవి చివర వేలాడేసుకుని తిరుగుతుంది. భాద్రపదంలో గునుగు. కార్తీకంలో జత కట్టడం. మాఘంలో మద్దిచెట్లకు రుద్దుకుని పెంకు రాల్చడం. ఫాల్గుణం, చైత్రంలో బోడివీపులతో వాగు వెంట నీళ్లున్న చోట.

ఒకటి మిగిలింది. ముసలి పోతులు. అడవిదున్నల్లో ముసలివి మందలోంచి విడిపోయి ఒంటరిగా తిరుగుతాయి. గరికబోతుల్లో కూడా ఓడిపోయిన ముసలి పోతును మంద వెళ్లగొడితే వానాకాలం అది వీపు మీద పొద మోసుకుంటూ తిరుగుతుంది. దాన్ని చూసి ఒక కాపరి జాలిపడి కొడవలితో గడ్డి కోస్తాడని ఒక కథ అనుకున్నాను.

గొంగడి:
ఆ కథ రాయన్నా. కానీ ఎట్ల రాస్తవో జాగ్రత్త. కాపరి దగ్గరికి పోగానే అది తలొంచి నిలవడదు. మా నాయిన కొత్త జీవం దగ్గరికి పోయినప్పుడు ఎదురుంగ పోడు, పక్కకెల్లి, గాలికి ఎదురు దిక్కుకెల్లి పోతడు. ముట్టుకునే ముందు దాని ముందట కాసేపు ఊకె కూసుంటడు. ఒక్క పూటల ఐతే అది పెంపుడు గొడ్డు అయినట్టే.

తునికాకు:
నేను వద్దంట. మనిషి కొడవలి పెట్టిన నాడు మందతోని పని లేకుండ పోతది. ఇయ్యాల ముసలిదానికి కోస్తడు, రేపు బలమైనదాన్ని కట్టేసి కోస్తడు, ఎల్లుండి నాగలికి కడ్తడు. పెంపుడు పసులతోని కలిస్తే గాలికుంటు అంటుకుంటది. ఊరి పసులు మేసిన జాగల అడవి పసులు మేస్తే రోగం అటు పోవుడు మేం చూస్తనే ఉన్నం.

పసరువైద్యం:
రోగం మాట నూటికి నూరుపాళ్లు నిజం. పశువుల పెద్దరోగం (రిండర్‌పెస్ట్) పోయింది, 2011లో ప్రపంచం మొత్తంలో లేదని ప్రకటించారు. గాలికుంటు ఇంకా ఉంది. గిట్టలు చీలిన ప్రతి జంతువుకూ వస్తుంది. కాపరి చేతిలో కొడవలి కంటే, ఆ కాపరి పొద్దున ముట్టుకున్న ఎద్దు ప్రమాదం.

అయినా కథ వద్దనను. గొంగడి గారి నాయన లాంటి మనిషికి ఈ సంగతి తెలిసి ఉంటుంది. ముసలిపోతు గడ్డి కోయాలంటే తన జీవాల దగ్గరికి కొన్నాళ్లు పోకూడదు. రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. వానాకాలం నడుమ మందను ఎవరికి అప్పజెప్తాడు?

గొంగడి:
తమ్మునికి అప్పజెప్తడు. కానీ ఇద్దరికి మాటల్లేవు. ఆస్తి పంపకాలప్పుడు మందను చీల్చుకున్నరు. గిప్పుడు ఆ ముసలిపోతు కోసం తమ్ముని ఇంటికి పోవాలె. అన్నా, ఈ కథ మనిద్దరం కలిసి రాద్దాం. తమ్ముని ఇంటి ముందట నిలవడ్డ కాడ మొదలువెడ్త.

తునికాకు:
గట్లైతే సరే. కాపరి కట్టుబాటు మాత్రం కథల రాయాలె: ఒక్క వానకాలమే కోస్తడు, తాడు ముట్టడు.

గోదారిగట్టు:
తాడు ముట్టడు, నియమాల్లో చేర్చాను. గొంగడీ, నువ్వు తమ్ముని ఇంటి ముందు దాకా రాసి పెట్టు, లోపల జరిగేది నేను రాస్తాను. రేచుక్క గునుగు కథ పెత్రమాస లోపు రావాలి. రేసుకుక్కల వేట తీరు మీద వేరే చర్చ తెరుస్తున్నాను. పెంకు ఉన్న వీపును పళ్లు పట్టుకోలేవు, పొట్ట కింద నుంచి, వెనక కాళ్ల నుంచి రావాలి. గుంపుగా ఆనుకుని నిలబడ్డ మందలో పొట్ట ఎలా అందుకుంటాయో తునికాకు అక్కడ మొదలుపెట్టాలని అడుగుతున్నాను.

తునికాకు:
పెడ్త. దయ్యాలవాగు పక్కన రేసుకుక్కలు దుప్పిని నీళ్లలకు దింపుడు చూసిన. గరికబోతును నీళ్లలకు దింపితే తడిసిన పెంకు బరువుకు అది లేవలేదు. ఆడికెల్లి మొదలువెడ్త.